పత్తికట్టె నుంచి డీజిల్ వస్తుందా? అసలు వచ్చేదేంటి?

రీల్స్‌లో ఒక రకం వీడియో మీరు చూసే ఉంటారు. ఇనుప డ్రమ్ము, కింద మంట, పైన ఒక గొట్టం, గొట్టం చివర సీసాలో చుక్కచుక్కగా పడే నల్లటి ద్రవం. మీద పెద్ద అక్షరాలతో "పంట వ్యర్థాల నుంచి డీజిల్!" అని రాసి ఉంటుంది. ఒకాయన ఆ ద్రవంలో గుడ్డ ముంచి అగ్గిపుల్ల గీస్తాడు, భగ్గున మండుతుంది, కింద లైకులే లైకులు.

ముందే చెప్పేస్తున్నా, అది డీజిల్ కాదు. దాన్ని ట్రాక్టర్‌లో పోస్తే ఇంజన్ షెడ్డుకు పోతుంది. అలాగని అది ఉత్త మోసం కూడా కాదు. ఆ నల్లటి ద్రవంలో డీజిల్ కంటే ఎక్కువ ధర పలికే సరుకులు ఉన్నాయి. కాకపోతే అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాటిని కలవకుండా ఎలా తీయాలన్నదే ఈరోజు మన టాపిక్. దీన్ని దశలవారీ పైరాలసిస్ అంటారు. పేరు చూసి భయపడకండి, సగం సంగతి మన ఊళ్లలో బొగ్గు కాల్చేవాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం బండి మీద పోయి చూడండి. సాయంత్రమైతే చేలల్లో పొగ. పత్తి ఏరడం అయిపోయింది, మిర్చి కోత అయిపోతోంది, మిగిలిన కట్టెను కుప్పేసి తగలబెడుతుంటారు. నేను ఒకసారి బండి ఆపి, తెలిసిన ఆయనే కదా అని అడిగా: "ఏంది బాబాయ్, ఇంత కట్టెనూ కాలబెడుతున్నవ్?" ఆయన అన్నాడు: "కాలబెట్టక నెత్తిన పెట్టుకోవాల్నారా? పీకిచ్చిన కూలే మీదబడ్డది. మళ్లా దీన్ని మోసుడు ఎవడు మోస్తడు? ఉంచితే గులాబీ పురుగు వచ్చే ఏడు మళ్ల తగులుతది."

ఆయన మాటలో తప్పు లేదు. పత్తికట్టె చేలోనే ఉంటే గులాబీరంగు పురుగు అందులో, రాలిన కాయల్లో బతికి తర్వాతి పంట మీద పడుతుంది. కట్టెను వదిలించుకోవాల్సిందే. అయితే అడవి అంచున ఉన్న చేలో ఎండాకాలం పెట్టిన నిప్పు చేలోనే ఆగుతుందని గ్యారంటీ లేదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రం చేసేటప్పుడు, తునికాకు చిగురు కోసం పెట్టే నిప్పులు అడవిలో ఎలాగూ ఉంటాయి. వాటికి ఇది తోడవుతుంది.

సరే, లెక్క చూద్దాం. పత్తికట్టె హెక్టారుకు సుమారు 2 నుంచి 3 టన్నులు వస్తుంది. అంటే ఎకరాకు దాదాపు ఒక టన్ను. ఈ టన్ను అనేది గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ఇప్పుడు అసలు విషయం. కట్టెను గాలి తగిలేలా కాలిస్తే బూడిద మిగులుతుంది. గాలి తగలకుండా వేడి చేస్తే అది మండదు, విడిపోతుంది. కొంత ఆవిరిగా, కొంత గ్యాసుగా పోయి, మిగతాది బొగ్గుగా ఉండిపోతుంది. ఇదే పైరాలసిస్. బొగ్గు బట్టీ చేసేది ఇదే. మట్టి కప్పి, సన్నటి కంతలు పెట్టి, లోపల కట్టెను మగ్గబెడతారు. బట్టీ దగ్గర కూర్చునే మనిషి చేతిలో థర్మామీటర్ ఉండదు, ఆయన పొగ రంగు చూస్తాడు. మొదట తెల్లగా, దట్టంగా వస్తుంది, అది ఎక్కువగా నీళ్లే. తర్వాత పసుపురంగులోకి తిరిగి కళ్లు మండిస్తుంది, అందులో ఆమ్లాలు, తారు ఉంటాయి. చివరికి పల్చగా నీలంగా మారితే బొగ్గు తయారైనట్టే, కంతలు మూసేస్తాడు.

పొగ రంగు ఎందుకు మారుతోంది? ఎందుకంటే కట్టె ఒకే పదార్థం కాదు. ఏ మొక్క కాండమైనా ముఖ్యంగా మూడు పదార్థాల కూర్పు. సెల్యులోజ్ పోగుల్లా ఉంటుంది, మొక్కకు బలం అదే. హెమీసెల్యులోజ్ ఆ పోగుల మధ్య అల్లుకుని ఉంటుంది. లిగ్నిన్ వాటన్నిటినీ పట్టి ఉంచే జిగురు, గట్టిదనం దాంతోనే వస్తుంది. ఈ మూడూ ఒకే వేడి దగ్గర విడిపోవు. హెమీసెల్యులోజ్ సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315 నుంచి 400 మధ్య ఎక్కువగా విరుగుతాయి. లిగ్నిన్ మాత్రం మొండిది. తొందరగానే మొదలుపెట్టి, 500 దాటినా ఇంకా విరుగుతూనే ఉంటుంది.

బెల్లం పాకం పట్టడం చూశారు కదా. తీగపాకం దగ్గర దించితే ఒక వంటకం, ఉండపాకం దగ్గర దించితే ఇంకొకటి, అక్కడా ఆగకపోతే మాడు. గిన్నె అదే, బెల్లం అదే, ఎక్కడ ఆపామన్నదే తేడా. ఇక్కడా అంతే. వేడిని ఒకేసారి 500కు తీసుకుపోతే మూడింటి ఆవిర్లూ ఒకేసారి వచ్చి, చల్లారాక ఒకే సీసాలో పడతాయి. అదే బయో ఆయిల్, అంటే రీల్‌లో కనిపించిన నల్లటి ద్రవం.

మామూలుగా ఫాస్ట్ పైరాలసిస్ అనే పద్ధతిలో కట్టెపొట్టును సుమారు 500 డిగ్రీల దగ్గర క్షణాల్లో వేడి చేసి, ఆవిరిని రెండు సెకన్లలోపే చల్లారుస్తారు. మంచి కట్టె అయితే ఎండు బరువులో 60 నుంచి 75 శాతం దాకా ద్రవం వస్తుంది. వినడానికి గొప్పగా ఉంది కదా? ఆ ద్రవం సంగతి వినండి. అందులో 15 నుంచి 30 శాతం నీళ్లే. పులుపు పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది, దాదాపు నిమ్మరసం అంత, మామూలు ఇనుమును తినేస్తుంది. కిలోకు వేడి విలువ 16 నుంచి 19 మెగాజౌళ్లు. డీజిల్‌కు 42 పైనే. డీజిల్‌లో పోస్తే కలవదు, నీళ్లలా విడిగా నిలుస్తుంది. నెలల తరబడి నిల్వ ఉంచితే చిక్కబడి జిగురవుతుంది. వందల రకాల రసాయనాలు ఒకదానితో ఒకటి రియాక్ట్ అవుతూనే ఉంటాయి కాబట్టి.

అందుకే కొంతమంది శాస్త్రవేత్తలు ప్రశ్నను తిప్పి అడిగారు. కలిసిపోయాక విడదీయడం కంటే, వచ్చేటప్పుడే విడివిడిగా పట్టుకోలేమా? నెదర్లాండ్స్‌లోని ఈసీఎన్ అనే శక్తి పరిశోధన కేంద్రంలో పాల్ డి వైల్డ్ బృందం 2009లో ఇలా మెట్టుమెట్టుగా వేడి చేసే పద్ధతి మీద పేపర్ వేసింది. మన దేశంలో డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంలో తల్లాడ భాస్కర్ గారు పంట వ్యర్థాల పైరాలసిస్ మీద చాలా పని చేశారు.

ఒక్కో మెట్టూ ఎక్కుదాం. మొదటిది ఆరబెట్టడం. 150 డిగ్రీల లోపు తడి పోతుంది. ఇది చిన్నమెట్టు అనిపిస్తుంది కానీ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. పచ్చి కట్టె తెచ్చి పోస్తే ఇంధనమంతా నీళ్లు మరిగించడానికే సరిపోతుంది. మన ఎండలు ఉచితం. చేలోనే నాలుగు రోజులు ఎక్కువ ఆరనిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది.

రెండోది 200 నుంచి 300 డిగ్రీలు. హెమీసెల్యులోజ్ విరుగుతుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్, కొంచెం మిథనాల్ ఆవిరిగా వస్తాయి. ఫర్ఫ్యూరాల్ అంటే బాదం వాసన వచ్చే ఒక నూనెలాంటి ద్రవం. లూబ్రికెంట్ ఆయిళ్లను శుద్ధి చేయడానికి, పోతపోసే ఫౌండ్రీల్లో ఇసుక అచ్చుల రెజిన్ చేయడానికి వాడతారు. మొక్కజొన్న గింజ ఒలిచాక మిగిలే బెండ్లలో దీన్నిచ్చే పదార్థం బాగా ఉంటుంది. ప్రపంచంలో ఫర్ఫ్యూరాల్ తయారీకి పాత ముడిసరుకుల్లో ఆ బెండ్లు ఒకటి, కాకపోతే అక్కడ పైరాలసిస్ కాకుండా ఆమ్లంతో ఉడికించి తీస్తారు.

ఇక్కడే ఆగిపోయినా నష్టం లేదు. ఈ మెట్టు అయ్యాక మిగిలే కట్టె గోధుమరంగులో, వేలితో నలిపితే పొడయ్యేలా ఉంటుంది. టొరిఫైడ్ బయోమాస్ అంటారు. మామూలుగా బరువులో 30 శాతం పోతుంది కానీ అందులోని శక్తి 10 శాతమే పోతుంది. తడి పెద్దగా పీల్చదు, బొగ్గు నూరే మిల్లుల్లో ఇబ్బంది లేకుండా నలుగుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు 5 శాతం దాకా బయోమాస్ కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో పాలసీ తెచ్చింది. మన పాల్వంచలో కేటీపీఎస్ ఉంది. పత్తి చేలకూ ఆ పొయ్యికీ మధ్య దూరం బస్సులో గంటో రెండు గంటలో.

మూడోది 300 నుంచి 400. సెల్యులోజ్ విరిగి లెవోగ్లూకోసాన్ అనే పదార్థం వస్తుంది. గ్లూకోజ్ నుంచి ఒక నీటి అణువు ఊడిపోయిన రూపం అనుకోండి. మళ్లీ నీళ్లు చేర్చితే చక్కెరే, పులియబెడితే ఆల్కహాలే. పుస్తకంలో చదివితే ఇది బంగారం. మన కట్టె దగ్గరికొచ్చేసరికి పొటాష్ అడ్డం పడుతుంది. మొక్కలో ఉండే పొటాషియం ఈ దశలో సెల్యులోజ్‌ను ముక్కముక్కలు చేసేస్తుంది. చక్కెర రూపం తగ్గి నీళ్లు, గ్యాసు, బొగ్గు ఎక్కువవుతాయి. వరిగడ్డిలో ఈ బాధ ఎక్కువ. దాని బూడిద 15 శాతం పైనే ఉంటుంది, అందులో ఇసుకలాంటి సిలికా అదనం. పత్తికట్టె కొంత నయం, అది గడ్డి కంటే చెట్టు కట్టెకు దగ్గర. విరుగుడు ఏంటంటే నీళ్లతో కడగడం, అంతే. పొటాష్ నీళ్లలో కరిగిపోతుంది. ఒక వాన పడినా కొంత పోతుంది. మళ్లీ ఆరబెట్టాలి, అది వేరే తలనొప్పి.

నాలుగోది 400 నుంచి 550. లిగ్నిన్ వంతు. ఫీనాల్, గ్వాయకాల్ లాంటివి వస్తాయి. పొగ వాసన అంటామే, ఆ వాసన ఎక్కువగా వీటిదే. ప్లైవుడ్ అతికించే జిగురులో పెట్రోలియం నుంచి తీసిన ఫీనాల్ వాడతారు. దానిలో కొంత భాగం బదులు వీటిని వాడొచ్చు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు వాళ్లు ఇక్కడ చెవులు రిక్కించాలి. పామాయిల్ గింజ మీద ఉండే గట్టి పెంకులో లిగ్నిన్ బాగా ఎక్కువ, దాని నుంచి వచ్చే ద్రవంలో ఫీనాల్ శాతం మిగతా వ్యర్థాల కంటే బాగుంటుంది. 100 టన్నుల గెలలు ఆడితే 5 నుంచి 7 టన్నుల పెంకు, 20 టన్నులకు పైగా ఖాళీ గెలలు మిగులుతాయి. పెంకు ఊరికే పడి ఉంటుందని అనుకోకండి, ఫ్యాక్టరీలు బాయిలర్‌లో వేసుకుంటాయి, అమ్ముకుంటాయి. ఖాళీ గెలలు సగానికి పైగా నీళ్లు, పైగా పొటాష్ బోలెడు. వాటిని తోటలోనే పరచడం మేలని నా లెక్క.

చివరికి మిగిలేది బొగ్గు. దారిలో వచ్చిన గ్యాసును అదే పొయ్యిలో మండించుకుంటే బయటి ఇంధనం పెద్దగా అక్కర్లేదు.

ఇంత చెప్పాను కదా అని ఎగిరి గంతేయకండి. ఈ దశలు గోడ కట్టినట్టు విడిగా ఉండవు. ఒకదాని తోక ఇంకొకదానిలో ఉంటుంది. విడిగా పట్టుకున్నా ఒక్కో రసాయనం ఎండు బరువులో కొద్ది శాతమే. ఎకరా కట్టె నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం పదుల కిలోల్లోనే ఉంటుంది, అదీ బోలెడు నీళ్లలో కలిసి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎసిటిక్ ఆమ్లం 118 దగ్గర. తేడా అంత తక్కువ ఉంటే కాచి విడదీయడానికి ఇంధనం తడిసి మోపెడవుతుంది.

ఈ లెక్కలో దెబ్బతిన్న చరిత్ర ఒకటి ఉంది. భద్రాచలం కాదు, కర్ణాటకలోని భద్రావతి. మైసూరు ఐరన్ వర్క్స్ 1923లో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. దాన్ని దగ్గరుండి నడిపించింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ ఇంటిపేరు మన గిద్దలూరు వైపు ఊరిదే. దగ్గర్లో రాతిబొగ్గు లేదు కాబట్టి, మలెనాడు అడవి కట్టెను మూసిన రిటార్టుల్లో వేడి చేసి కట్టెబొగ్గు తీసి, దాంతో ఇనుము కరిగించారు. ఆ ఆవిర్లను వదలకుండా చల్లార్చి మిథైల్ ఆల్కహాల్, ఎసిటేట్, తారు అమ్మేవారు. మనం ఈరోజు కొత్తగా చెప్పుకుంటున్న బయో రిఫైనరీ వందేళ్ల క్రితమే నడిచింది. అయితే అదే 1923లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ గ్యాసుల నుంచి చౌకగా మిథనాల్ చేయడం మొదలుపెట్టింది. దాంతో ప్రపంచమంతటా కట్టె ఆల్కహాల్ మార్కెట్ చితికిపోయింది. కట్టె నుంచి తీసిన సరుకుకు పోటీ ఎప్పుడూ పెట్రోలియం, గ్యాసు నుంచి వచ్చేదే. అది తగ్గించి అమ్మితే మన ఫ్యాక్టరీ మూతే.

మరి నిలబడ్డవాళ్లు ఎలా నిలబడ్డారు? అమెరికాలో విస్కాన్సిన్‌లోని రెడ్ ఆరో అనే కంపెనీ ఇదే పైరాలసిస్ ద్రవాన్ని ఇంధనంగా కాకుండా, మాంసానికి పొగవాసన, రంగు పట్టించే ఆహార సరుకుగా అమ్మింది. లీటరు ధర ఎక్కువ పలికే చిన్న మార్కెట్ అది. ముందు సరుకు, మిగిలితే ఇంధనం అన్న వరస అన్నమాట. మన దగ్గర ప్లాంటు పెడతామనేవాళ్లు "ఎన్ని లీటర్ల ఆయిల్" అని మాత్రమే చెప్తుంటే నాకు అనుమానమే.

ఇప్పుడు ఆ టన్ను లెక్క బయటికి తీయండి. రోజుకు 30 టన్నులు తినే ఓ మోస్తరు ప్లాంటు, ఏడాదికి 330 రోజులు నడిస్తే దాదాపు 10,000 టన్నులు కావాలి. అంటే 10,000 ఎకరాల పత్తికట్టె. విడి కట్టె లారీలో వేస్తే సగం గాలే, కాబట్టి దూరం నుంచి తెస్తే కిరాయికే సరి. పైగా కట్టె వచ్చేది జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. ప్లాంటుకు మాత్రం ఏడాదంతా ఆకలే. జులైలో వానలు పడుతుంటే, కప్పు కింద దాచిన కట్టె అయిపోతే, ఆ పొయ్యిలో ఏం వేస్తారు?

అడవి అంచున ఈ ప్రశ్న చాలా పెద్దది. పక్కనే కిన్నెరసాని అభయారణ్యం ఉంది. యంత్రానికి పత్తికట్టె, అడవి కట్టె అన్న తేడా తెలియదు. నిజానికి అడవి కట్టెలో పొటాష్, బూడిద తక్కువ కాబట్టి దాంతో ఆయిల్ ఇంకా బాగా వస్తుంది. అంటే "పంట వ్యర్థాలు" అన్న బోర్డు వెనక నుంచి అడవి కట్టె లోపలికి పోయే అవకాశం ఈ టెక్నాలజీలోనే ఉంది. భద్రావతికి కట్టె ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంది కదా.

దారి లేదని కాదు. పామాయిల్ గెలలు ఏడాదంతా కోతకు వస్తాయి, వానాకాలంలో ఎక్కువ. ఎండాకాలం పత్తికట్టె, మిర్చికట్టె, వానాకాలం ధర కుదిరితే పెంకు, మధ్యలో మొక్కజొన్న బెండ్లు అని ముందే ఒప్పందాలు చేసుకుంటే ప్లాంటు అడవి వైపు చూడక్కర్లేదు. సారపాక పేపర్ మిల్లు సంగతే చూడండి. కట్టె కోసం రైతులతో సుబాబుల్, జామాయిల్ పెంచే ఏర్పాటు అలవాటు చేసింది. వాటి మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి, అవి ఇంకోసారి. ముడిసరుకు ఎక్కడిదో ముందు తేల్చుకోవడం మాత్రం అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

ఇంకో సంగతి. భద్రాచలం ఏజెన్సీ చాలావరకు ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభకు మాట ఉంది. కాబట్టి ప్లాంటు ఎవరిది, కట్టె తూకం ఎవరు వేస్తారు, బొగ్గు ఎవరికి పోతుందన్నది కోయ ఊళ్లు గ్రామసభలోనే అడగొచ్చు. మీ ఊళ్లో అలాంటి మీటింగ్ పెడితే జులై ప్రశ్న మర్చిపోకండి. కట్టె నిల్వ షెడ్డు ఎంత పెద్దదో చూపించమనండి. షెడ్డు చిన్నగా ఉంటే జవాబు తెలిసిపోయినట్టే.

ప్లాంటు దాకా ఎందుకు, ఈ సీజన్‌లోనే ఏదైనా చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రిడా అంటాం, పత్తి, కంది, ఆముదం కట్టెలను బయోచార్ చేయడానికి ఆయిల్ డ్రమ్ము సైజులో ఒక కొలిమి రూపొందించింది. ఆయిల్ రాదు, రసాయనాలు రావు, బొగ్గు మాత్రమే వస్తుంది. దాన్ని నూరి, పశువుల ఎరువుతో కలిపి చెల్క నేలలో వేస్తే తడిని కొంచెం ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, పుల్లటి నేల కొంత సర్దుకుంటుంది. పురుగున్న కట్టె కూడా పోతుంది.

మూత బిగించిన డ్రమ్ము కింద మంట పెట్టే రీల్స్ మాత్రం చూసి చేయకండి. గొట్టంలో తారు గడ్డకట్టి మూసుకుంటే గ్యాసు పోయే దారి ఉండదు, డ్రమ్ము పేలుతుంది. ఆ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, గది లోపల చేస్తే లేవరు. ఆ నల్లటి తారు చేతికి అంటితే వెంటనే కడుక్కోవాలి, అందులో కేన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. పాత టైర్లను ఇదే పేరుతో కాల్చే యూనిట్లు కూడా ఉన్నాయి, వాటి పొగ కథ పూర్తిగా వేరు, కట్టెతో కలిపి చూడకండి.

బయోచార్ ఎకరాకు ఎంత వేయాలి, ఎరువుతో ఎన్ని రోజులు నానబెట్టాలి అనేది వచ్చే ఎపిసోడ్‌లో, చేలో నిలబడే చూపిస్తా. ఉంటా మరి.